రాజలింగు కాక రెండుసార్లు ఓడెక్కిండు

నా కుర్చీల ఇప్పుడు కూసునే అమ్మాయి మొదటి రోజు నన్ను ఒక మాట అడిగింది. "అక్కా, ఈ పనిల అన్నిటికంటె ముందుగాల ఏం నేర్చుకోవాలె?" కంప్యూటరు సంగతి, టికెట్ల సంగతి ఆమెకు నాకంటె బాగ తెలుసు. ఇంటికొచ్చి నాలుగు రోజులు ఆలోచించిన. ఆలోచించినకొద్ది ఒక్క మనిషే యాదికొచ్చిండు. ఆయన సంగతే రాస్తున్న. ఆమె చదువుకుంటె చాలు, ఇంకెవరన్న ఈ లైనులకు వచ్చేటోళ్ళు చదివినా మంచిదే.

గోదావరిఖని బజార్ల, మెట్లెక్కి పోతె మొదటి గది మా ట్రావెల్స్ ఆఫీసు. అండ్ల ఇరవై తొమ్మిదేండ్లు పనిచేసిన. పొద్దున టేబుల్ మీది అద్దం తుడిస్తె మధ్యాహ్నానికి మళ్ళ సన్నటి నల్లపొడి పడేది. గోడ మీద నీలి సముద్రం పోస్టరు ఉండేది. దాన్ని గూడ వారానికోసారి తడిగుడ్డతోని తుడవాలె, లేకుంటె సముద్రం బూడిద రంగుకు వచ్చేది.

మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇస్త్రీ అంగీ ఏసుకొని బొగ్గు బాయి పని మనుషులు వచ్చేటోళ్ళు. ఎంత కడుక్కున్నా కండ్ల అంచుకు బొగ్గు గీత కాటుకలెక్క ఉండిపోయేది. తిరుపతికి టికెట్, కాశికి టికెట్, బిడ్డ పరీక్షకు హైదరాబాద్ టికెట్. పని అయిపోయినంక గూడ కొందరు లేవకపోయేది. ఆ పోస్టరు దిక్కు చూసుకుంట కూసునేటోళ్ళు. నేను గూడ ఏమనకపోయేదాన్ని. మా పనిల సగం గదే. మనిషి ఇంకా బయలుదేరకముందే, మా ఎదురుంగ కూసొనే, ఎక్కడికో పోయొస్తడు. ఆ ప్రయాణానికి టికెట్ ఉండది.

ఖాదర్ సాబ్ దగ్గర నేర్చుకున్నది

ఆఫీసు ఖాదర్ సాబ్‌ది. ఆయన మొదట బస్సు డ్రైవరు, తర్వాత బస్సు ఓనరు, నేను చేరేనాటికి టికెట్లు, టూర్లు. కోపం చాన ఉండేది. ఫోన్ల గట్టిగ మాట్లాడితె కింద చెప్పుల దుకాణం ఆయన పైకి చూసేటోడు. లెక్కల గట్టి, మాటల పచ్చి. కని ఒక పద్ధతి ఉండె. ఏ ఊరికి టూరు పెట్టినా ముందుగాల తానొక్కడు పోయొచ్చేది. లాడ్జిల పడక ఎట్లున్నది, మెట్లెన్ని, ముసలోళ్ళకు మూత్రానికి బస్సు ఎక్కడ ఆపాలె, అన్ని చూసుకొని వచ్చినంకనే జనాన్ని తోలుకపోయేది.

ఇంకొకటి గూడ చెప్తుండె. "బేటీ, టూరు అయిపోయినంక డ్రైవరుకు, వంటాయనకు మనోళ్ళు ఇనాం ఇస్తరు. కిటికీలకెల్లి విసిరినట్టు ఇయ్యనియ్యకు. బస్సు దిగాలె, ముందలికి పోవాలె, పేరు పెట్టి పిలిచి చేతుల పెట్టాలె. నేను ఇరవై ఏండ్లు స్టీరింగు పట్టిన. ఎవరెంత ఇచ్చిన్రో యాదికి లేదు. ఎవరు దిగి వచ్చిన్రో యాదికున్నది."

నేను తల ఊపిన. బస్సుల సంగతి కదా అనుకున్న.

ఆయన పానం బాగలేక ఇంటికాడ ఉండుడు మొదలైనంక ఆఫీసు నా మీదనే నడిచింది. అప్పటికి విమానాలు వచ్చినయి, తర్వాత ఓడలు వచ్చినయి. సముద్రం మీద నాలుగైదు రోజులు తిప్పి తీసుకొచ్చే ఓడలు. నేను ఓడను ఎన్నడు చూడలె. సముద్రాన్ని గూడ విశాఖపట్నంల ఒక్కసారి, అది గూడ వానల, బస్సు అద్దంలకెల్లి చూసిన. అయినా కంపెనీ పంపిన రంగుల పుస్తకం చదివి, బాల్కనీ గది, కిటికీ గది, కిటికీ లేని గది అని గడగడ చెప్పుడు నేర్చుకున్న.

మొదటిసారి

రాజలింగు కాక బాయిల టింబర్‌మెన్‌గ చేసి రిటైరైండు. భూమి కింద బొగ్గు తీసినకాడ పైకప్పు కూలకుంట దిమ్మలు నిలబెట్టే పని. పొట్టి మనిషి, భుజాలు వెడల్పు. ఏ గదిలకు పోయినా ముందుగాల పైకప్పు చూస్తడు. మా ఆఫీసులకు వచ్చినా గంతే, పైకి చూసి, అప్పుడు కూసుంటడు.

"బిడ్డా, కింద పనిచేసి చేసి మెడ వంగింది," అన్నడు. "పైన ఏం లేని జాగకు ఒక్కసారి పోవాలనున్నది. కప్పు, చెట్టు, తీగె, ఏం లేనికాడికి."

నేను ఓడ పుస్తకం ముందల పెట్టిన. అగ్గువకు కిటికీ లేని గది ఉన్నదని చూపిచ్చిన.

"గదే తీసుకుందం. ముప్పై నాలుగేండ్లు కిటికీ లేకుంటనే ఉన్న," అన్నడు.

పక్కన ఆయన ఇంటామె కనకవ్వ చిన్నమ్మ మెల్లగ అన్నది. "నాకు కిటికీ కావాలె. ఆయనకు ఒద్దంటె అటు తిరిగి పండుకుంటడు."

కిటికీ గదే రాసిన. ఈ ఒక్కటి ఆ రోజు సక్కగ చేసిన.

లేస్తుంటె కాక అడిగిండు. "ఆడ పనిచేసేటోళ్ళకు ఏమన్న ఇచ్చుడుంటదా?"

నాకు తెల్వదు. తెల్వదని చెప్తె పోయేది. కని ఆ కుర్చీల కూసున్నంక తెల్వదు అనే మాట నోటికి రాకుంటైతది. "అన్ని టికెట్లనే ఉన్నయి కాకా," అన్న. "ఎవరన్న చెయ్యి చాపితె ఇయ్యకు. కొత్తోళ్ళని చూసి మోసం చేస్తరు."

వాళ్ళు పోయిన్రు. ముంబైల ఎక్కి, లక్షదీవుల దిక్కు పోయి, కొచ్చిల దిగి, రైల్ల వచ్చిన్రు. వచ్చిన వారానికి కాక ఆఫీసుకు వచ్చిండు. ఆ రోజు పైకప్పు చూడలె. వచ్చి కూసొని, చేతులు రెండు అద్దం మీద పెట్టి, వాటినే చూసుకుంట ఉన్నడు.

"సముద్రం ఎట్లున్నది కాకా?"

"బాగున్నది. నీకొక సంగతి చెప్పాలె," అన్నడు.

వాళ్ళ గది సర్దేటాయన పేరు ఆల్ఫ్రెడ్. గోవా మనిషి, నలభై దాటినయి. రోజు రెండుసార్లు వచ్చి గది సర్ది, తువ్వాలతోని ఏనుగునో కొంగనో చేసి మంచం మీద పెట్టి పోయేటోడు. కని చిన్నమ్మకు తన పక్క ఇంకొకలు సర్దుడు మనసుల పట్టలె. ఆయన రాకముందే దుప్పటి మడతపెట్టి, స్నానాల గది కడిగి పెట్టేది. మూడో రోజు ఆమె చెవి కమ్మ ఒకటి పోయింది. గదంత వెతికిన్రు, దొరకలె.

"చివరి రోజు పొద్దుగూకంగ తలుపు కొట్టిండు," కాక చెప్పిండు. "తీసిన. చెయ్యి ముందలికి చాపి నవ్వుతున్నడు. నువ్వు చెప్పిన మాటే నా నోట్లెకెల్లి వచ్చింది బిడ్డా. మాది అంత టికెట్లనే ఉన్నది, మా దగ్గర గిసొంటియి నడవయి, అన్న. ఆయన నవ్వు ఆపలె. గదే బాధ. నవ్వుకుంటనే అరచెయ్యి ఇంక జర ముందలికి తెచ్చిండు. అండ్ల మీ చిన్నమ్మ కమ్మ ఉన్నది."

నేను ముందలున్న ఓడ పుస్తకం మూసి పక్కకు పెట్టిన.

"ఉతకనీకి పోయిన దుప్పట్ల దొరికిందట. పనోళ్ళ గదిల మూడు రోజులు దేవులాడి తెచ్చిండు. తీసుకున్న. దండం పెట్టి పోయిండు. ఆ సన్నటి తోవల పోతనే ఉన్నడు, పిలిస్తె వినబడేంత దూరమే. నోరు రాలె. పొద్దున దిగేటప్పుడు వెతికిన, కనబడలె."

నన్ను ఒక్క మాట అనలె. అంటె నాకు సులువైతుండె. లేచేటప్పుడు మాత్రం అన్నడు, "నేను బాయిల ఎవ్వని కష్టం ఉత్తగ తీసుకోలె. ఆడ తీసుకున్న. తీసుకొని, పైనుంచి గా మాట గూడ అన్న."

ఆ సాయంత్రం ఖాదర్ సాబ్ ఇంటికి పోయి జరిగింది చెప్పిన. ఆయన మంచంల పండుకొని ఉన్నడు. కోపం చేస్తడనుకున్న, చెయ్యలె. "ఓడ ఎక్కినవా నువ్వు?" అని అడిగిండు. లేదన్న. "మరి ఎట్ల చెప్పినవ్?" అన్నడు. అంతే. ఇరవై తొమ్మిదేండ్లల నాకు పడ్డ మాటలల్ల గదే పెద్దది.

రెండోసారికి తయారీ

ఏడాది తర్వాత కాక మళ్ళ వచ్చిండు. "అదే ఓడకు టికెట్ కావాలె," అన్నడు.

"ఆయన ఆడ ఉంటడని చెప్పలేం కాకా. వాళ్ళు కొన్ని నెలలు చేసి మారుతుంటరు."

"ఉంటె ఉంటడు, లేకుంటె లేదు. పోయి చూడాలె కదా."

కాకతోని ఒకటే షిఫ్టుల చేసిన మూడు జంటలు గూడ వస్తమన్నరు. "నేను గూడ వస్త," అన్న. నా పైసలతోనే పోయిన. ఈసారి ఏం చెప్పినా కండ్లతోని చూసి చెప్పాలనుకున్న.

ఓడ ఆఫీసుకు ఫోన్ చేసి అన్ని అడిగిన. మీరు గూడ గిట్లనే అడగాలె. సిబ్బందికిచ్చే సర్వీసు చార్జి టికెట్లనే ఉన్నదా, చివరి రోజు బిల్లుల వస్తదా? ఒక్కో ఓడది ఒక్కో తీరు. మాటల చెప్తె సాలదు, రాసి పంపమనాలె. ఆ చార్జి అందరికి పంచుతరా, మనకు కనబడే మనుషులకేనా? దానికి పైనుంచి మనసున్నంత మనం ఇచ్చుకోవచ్చునా? నేనడిగిన ఓడల ఇచ్చుకోవచ్చన్నరు, బలవంతం లేదన్నరు. ఆ సంగతి అందరిని కూసోబెట్టి చెప్పిన. ఎవరికియ్యాలనుకుంటె వాళ్ళ పేరు రాసి కవర్ల పెట్టుకోమన్న. చివరి రోజు దాక ఆగద్దన్న, ఆ రోజు అందరు ఉరుకుల మీద ఉంటరు, మనిషి దొరకడు.

మిగిలిన జాగ్రత్తలు చిన్నయి, కని చిన్నయే పానం తీస్తయి. మన దిక్కు కంపెనీ కాగితాలల్ల ఒక పేరు, ఆధార్‌ల ఒక పేరు ఉంటది. రాజలింగు, రాజలింగం, లింగయ్య, ముగ్గురు ఒకటే మనిషి అని ఓడోళ్ళకు తెల్వదు. టికెట్ మీద ఆధార్‌ల ఉన్నట్టే అక్షరం తప్పకుంట ఉండాలె. బీపీ, షుగరు గోలీలు చేతిసంచిల పెట్టుకోవాలె, పెద్ద సూట్‌కేసులు గదికి వచ్చేవరకు పొద్దుగూకుతది. ఇంటికెల్లి తిండి తేనియ్యరు. ఈ మాట నేను మూడుసార్లు చెప్పినా చిన్నమ్మ మామిడికాయ తొక్కు సీసా తెచ్చింది. ముంబైల గేటు కాడ తీసి పక్కన పెట్టిన్రు. ఆమె ఆ సీసా దిక్కు చూసుకుంట చూసుకుంట మెట్లెక్కింది.

సముద్రం మీద

ఎక్కంగనే మైకుల మస్టర్ డ్రిల్ అని చెప్పిన్రు. మనోళ్ళు నవ్విన్రు. బాయిల డ్యూటీకి హాజరేసుడును మస్టర్ అంటరు. "ఈడ గూడ మస్టర్ పడాల్నా," అన్నడు ఒకాయన. అపాయం వస్తె ఎవరెక్కడ నిలబడాలె, లైఫ్ జాకెట్ ఎట్ల కట్టుకోవాలె, అని నేర్పిచ్చే కసరత్తు అది. చుట్టూ అందరు ఫోటోలు దిగుతున్నరు. మా ఎనిమిది మంది మాత్రం వరుసల నిలబడ్డరు. కాక అందరి జాకెట్ల పట్టీలు తానే గుంజి చూసిండు. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరమ్మ ఒకామె ఇది చూసి దగ్గరికొచ్చి, "మీరంత ఎక్కడ పనిచేస్తరు?" అని హిందీల అడిగింది.

"బొగ్గు బాయిల," అన్నడు కాక.

ఆమె చేతిల అట్ట మీది కాగితంల ఏదో రాసుకొని పోయింది.

తెల్లారి నేను లేచి పైకి పోయిన. నేను ఇన్నేండ్లు అమ్మిన సముద్రం అప్పుడు చూసిన. మాటలకు అందది. నాలుగు దిక్కుల నీళ్ళు, నీళ్ళ అంచుకు ఆకాశం, మధ్యల గీత గూడ సరిగ లేదు. ఓడ పోతున్నట్టు లేదు, కింద నీళ్ళే ఎనుకకు జరుగుతున్నట్టున్నది. ఎండ ఇంకా పసుపు రంగుకు రాలె. గాలిల ఏ వాసన లేదు. మన దిక్కు గాలికి ఎప్పుడూ ఏదో వాసన ఉంటది, పొగదో, బొగ్గుదో. ఉత్త గాలి గిట్లుంటదని నాకు తెల్వకపాయె.

కాక నాకంటె ముందే వచ్చి కుర్చీల కూసున్నడు. తల ఎనుకకు వాల్చి పైకి చూస్తున్నడు. నేను పక్కన కూసున్న. గంట సేపు గట్లనే వాలి ఉన్నం. నిద్రనో, మెలకువనో చెప్పరాదు. ఎవరో మనల్ని ఎత్తుకొని ఊపుతున్నట్టున్నది. ఒక్కసారి కాక చెయ్యి పైకెత్తిండు, వేళ్ళతోని ఏదో తట్టి చూడబోయినట్టు. బాయిల కప్పును కర్రతోని తట్టి, చప్పుడు విని, గట్టిగున్నదా లేదా తెలుసుకుంటరట. తట్టనీకి పైన ఏం లేదు. చెయ్యి దించి ఒడిల పెట్టుకున్నడు.

"పోయినసారి గూడ గిట్లనే ఉండెనా కాకా?"

"ఉండె. నాలుగు రోజులు ఉండె. ఐదో రోజు నేను గా మాట అన్న. ఆ నాలుగు రోజులు గూడ పాడైనయి."

ఆల్ఫ్రెడ్ కోసం

ఆ ఓడల గదులు సర్దేటోళ్ళల్ల ఆల్ఫ్రెడ్ లేడు. మా గదికి వచ్చేటామెను అడిగితె తెల్వదన్నది. తిండి కాడ అడిగినం, రిసెప్షన్‌ల అడిగినం. "సిబ్బంది వివరాలు చెప్పరాదు సార్," అన్నరు, మర్యాదగనే. కాక తోవల పోయే ప్రతి నల్లకోటు పనాయన ముఖం చూసుడు మొదలువెట్టిండు.

రెండో రోజు మధ్యాహ్నం సూపర్‌వైజరమ్మ కాకకు, చిన్నమ్మకు, నాకు మెట్ల కాడ ఎదురైంది. నేను ధైర్యం చేసి అంత చెప్పిన, కమ్మ సంగతి, చెయ్యి సంగతి. ఆమె విని కాక దిక్కు చూసింది.

"ఫిర్యాదు కాదు కదా?" అని అడిగింది.

"నా మీదనే ఫిర్యాదమ్మా," అన్నడు కాక.

ఆమె చెప్పింది. ఆల్ఫ్రెడ్ ఇక్కడనే ఉన్నడు. మోకాలు దెబ్బతిన్నది, గదులు తిరగలేడు. ఇప్పుడు కింద లాండ్రీల చేస్తున్నడు.

"కింద అంటె ఎంత కింద?"

"నీటి మట్టానికి కింద సార్. మీరు చూసే దుప్పట్లు, తువ్వాలలు అన్ని ఆడ్నే ఉతుకుతరు."

కాక కాళ్ళ కింది నేల దిక్కు చూసిండు. చిన్నమ్మ నా దిక్కు చూసింది. ఆ ముచ్చట మా దిక్కు మనుషులకు ఎవ్వరు ఇప్పి చెప్పనక్కర్లేదు. ఇంత ఎండ, ఇంత ఆకాశం పెట్టుకొని, కాళ్ళ కింద మనుషులు లైట్ల ఎలుగుల పనిచేస్తున్నరు.

"నేను దిగి పోతనమ్మా," అన్నడు కాక. "నాకు దిగుడు అలవాటే."

"అతిథులను పంపనియ్యరు సార్. కని ఆయన డ్యూటీ ఐదింటికి అయిపోతది. ఎనుక దిక్కు సిబ్బంది తలుపు కాడికి రమ్మంట. పది నిమిషాలు."

పది నిమిషాలు

ఓడ ఎనుక దిక్కు ఒక సన్నటి వరండ ఉన్నది. ఆడికి ప్రయాణికులు ఎక్కువ రారు. ఇనుప తలుపు, దాని ముందల నాలుగడుగుల జాగ, కింద తెల్లటి నురుగు దారి. ముగ్గురం పోయి నిలబడ్డం. కాక ఇస్త్రీ అంగీ ఏసుకున్నడు. జేబుల కవరు, దాని మీద నాతోని పేరు రాయించుకున్నడు.

తలుపు తెరుచుకున్నది. తెల్ల బట్టల మనిషి కుంటుకుంట బయటికొచ్చి, ఎండకు కండ్లు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. కాక రెండడుగులు ముందలికి పోయి ఎండకు అడ్డంగ నిలబడ్డడు, ఆయన ముఖం మీద తన నీడ పడేటట్టు. ఎవరూ చెప్పలె. కిందికెల్లి వచ్చినోని కండ్లు ఎట్లుంటయో ఆయనకు తెలుసు.

"ఆల్ఫ్రెడ్ భాయ్," అన్నడు హిందీల. బాయిల నేర్చుకున్న హిందీ అది, పొట్టి పొట్టి మాటలు. "పోయిన ఏడాది మా గది నువ్వే చూసినవు. మా ఇంటామె కమ్మ తెచ్చిచ్చినవు. నేను నీ చెయ్యి చూసి పైసలకనుకున్న. తప్పు మాట అన్న. మాఫ్ చెయ్యి."

ఆల్ఫ్రెడ్ ఆలోచించిండు. మర్యాద కోసమైనా యాదికున్నదని అంటడనుకున్న. అనలె.

"సార్, నాకు యాదికొస్తలేదు."

"ఎట్ల రాదు? నీ ముఖం మీదనే అన్న కదా."

"అసొంటియి చాన వింటం సార్. అన్ని యాది పెట్టుకుంటె తెల్లారి పని చెయ్యలేం." కోపం లేదు ఆ మాటల. ఎండ గురించి చెప్పినట్టే చెప్పిండు.

కాక ముఖం చూడలేకపోయిన. ఏడాది పొడుగునా మోసుకొచ్చిన బరువు దించుదమంటె, దించే జాగనే లేకపాయె. అది ఆయన ఒక్కడు అన్న మాట కాదు, అందరు అంటున్న మాట. నేను గూడ ఎంతమందికి నేర్పి పంపిన్నో.

అప్పుడు చిన్నమ్మ ముందలికొచ్చింది. ఆమెకు హిందీ రాదు, నాతోని అడిగిచ్చింది. "నీ పని నేనే చేసుకున్ననని నీకు కోపమొచ్చిందా తమ్మీ?"

ఆల్ఫ్రెడ్ ఆమె దిక్కు తిరిగిండు. కొంచెం సేపు చూసిండు. ముఖం మెల్లగ మారింది.

"రోజు దుప్పటి మడతపెట్టి పెట్టే అమ్మనా? కిటికీ గది?"

"అవును," అన్న నేను.

"అమ్మకు చెప్పున్రి," అన్నడు. "నాకు ఒక్కో గదికి ఇన్ని నిమిషాలని లెక్క ఉంటది. ఈమె గదికి పోతె చేసే పనే లేకపోయేది. మొదటి రోజు భయమైంది, నా పని నచ్చలేదేమో అని. తెల్లారి తలుపు దగ్గరికేసి, కిటికీ కాడ స్టూలు మీద కూసున్న. పది నిమిషాలు. అట్ల రోజు కూసున్న. పన్నెండేండ్ల సంది ఓడల మీదనే ఉన్న. సముద్రాన్ని కూసొని చూసింది ఆ గదిలనే."

నేను తెలుగుల చెప్పిన. చిన్నమ్మ విని కొంగు సర్దుకున్నది. కాక ఆమె దిక్కు చూసిండు. నలభై ఏండ్ల సంది చూస్తున్న మనిషిని కొత్తగ చూసినట్టు చూసిండు.

తర్వాత జేబులకెల్లి కవరు తీసి, పేరు పెట్టి పిలిచి, రెండు చేతులతోని ఇచ్చిండు. "ఇది పోయిన ఏడాదిది," అన్నడు. ఆల్ఫ్రెడ్ నవ్వి తీసుకున్నడు. మా పనిల కొత్తగ చేరేటోళ్ళు అడుగుతరు, బక్షీస్ ఎంతియ్యాలె అని. ఎంతనో ఓడ ఆఫీసోళ్ళు చెప్తరు. ఎట్లియ్యాల్నో మాత్రం ఆ రోజు నేను కండ్లార చూసిన.

ఇంకా మూడు నాలుగు నిమిషాలున్నయి. కాక అడుగుడు మొదలువెట్టిండు. కింద గాలి ఆడుతదా? వేడి ఎంత? నీళ్ళు తాగనిస్తరా? మోకాలికి దవాఖాన ఉన్నదా? ఆల్ఫ్రెడ్ జవాబులు చెప్పుకుంట రెయిలింగుకు ఆనుకున్నడు. మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఇద్దరు సముద్రం దిక్కు తిరిగిన్రు. ఎండ వాలుతున్నది, ఓడ ఎనుక నురుగు దారి బంగారు రంగుకొచ్చింది, అది దూరం పోయినకొద్ది సన్నబడి నీళ్ళల్ల కలిసిపోతున్నది. ఇద్దరి మాటలు గూడ అట్లనే సన్నబడి ఆగినయి.

"డ్యూటీ అయినంక రోజు పైకి వస్తవా?" కాక అడిగిండు.

"రాను సార్. అలిసిపోయి పండుకుంట. వచ్చి ఏం చెయ్యాలె?"

ఆ తర్వాత సాయంత్రాలు

తెల్లారి సాయంత్రం ఐదింటికి కాక మళ్ళ ఆ వరండల ఉన్నడు. చేతిల రెండు టీ కప్పులు. "వస్తడని చెప్పలేదు కదా కాకా," అన్న.

"మేము బాయిలకెల్లి వచ్చేటప్పుడు పైన ఎవరన్న నిలబడి ఉంటె మంచిగనిపిచ్చేది," అన్నడు. "మాట్లాడకున్నా సరే."

టీ సల్లారింది. ఆల్ఫ్రెడ్ రాలె. కాక రెండు కప్పులు తానే తాగి వచ్చిండు.

దాని మరునాడు సాయంత్రం ఐదు దాటినంక తలుపు తెరుచుకున్నది. ఆల్ఫ్రెడ్ తల బయటపెట్టి, కాకను చూసి, ఒక్క క్షణం నిలబడిపోయిండు. తర్వాత వచ్చి టీ తీసుకున్నడు. పది నిమిషాలు ఇద్దరు నిలబడ్డరు. ఏం మాట్లాడుకున్నరో నేను వినలె, దూరంకెల్లి చూసిన. సూపర్‌వైజరమ్మ అటు దిక్కుకెల్లి పోయింది. చూసింది, చూడనట్టే పోయింది.

చివరి సాయంత్రం కాక షిఫ్టు జంటలు గూడ వచ్చిన్రు. కాక చేతిల ఎప్పటిలెక్కనే రెండు టీ కప్పులు. తెల్లారితె కొచ్చి. సముద్రం నూనె పోసినట్టు కదలకుంట ఉన్నది. అందరం రెయిలింగు పొంటి నిలబడి ఎవరి లోకంల వాళ్ళున్నం.

తలుపు తెరుచుకున్నది. ఆల్ఫ్రెడ్ వచ్చిండు, ఆయన ఎనుక ఇంకా ఇద్దరు, తెల్ల బట్టలల్ల, చేతులు అడ్డం పెట్టుకొని కండ్లు చికిలిస్తున్నరు. వాళ్ళు మమ్ములను చూసి ఎనుకకు పోబోయిన్రు. కాక, ఆయన దోస్తులు, ఎవరు ఎవరికి చెప్పకుంటనే, జరిగి రెయిలింగు కాడ ముగ్గురికి జాగ ఇచ్చిన్రు.

చిన్నమ్మ లెక్క చూసుకొని, ఇంక రెండు కప్పులు తెస్తనని లోపలికి పోయింది.